డూబాలో ఏడో గీత

గరాచర్మ,
ఫిబ్రవరి 2025

నాన్నా,

నాగబాబు మావయ్య ఓడ దిగుతూనే ఇంటికొచ్చి నీ ఉత్తరమూ, ఎండు నెత్తళ్ళ పొట్లమూ ఇచ్చి వెళ్ళాడు. ఫోన్లో నీకు మాట వినపడటం మానేసిన దగ్గర్నుంచి మనకి హట్‌బే ఓడే దిక్కయింది. ఒకందుకు మంచిదే. ఈ దీవుల్లో పుట్టిన నా ఈడువాళ్ళకి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ రాయడం రాదు. నీకు రాయాల్సి వచ్చి నాకు వచ్చింది. తప్పులుంటే ఎప్పట్లాగే దిద్ది పంపు.

కొత్త పని గురించి వివరంగా రాయమన్నావు. పెద్ద పెద్ద నీళ్ళలో చేప ఎంత ఉందో అంచనా కట్టే పని. కాంట్రాక్టు మీద తీసుకున్నారు. వల వేసి ఒక్కొక్కటీ లెక్కపెట్టడం కాదు. పడవ అంచు నుంచి చిన్న గిన్నెంత పరికరాన్ని నీళ్ళలోకి దించుతాం. అది మన చెవికి అందని చప్పుడు కిందికి పంపుతుంది. ఆ చప్పుడు అడుగు నేలకి తగిలి వెనక్కొస్తుంది. మధ్యలో చేప ఉంటే దాని పొట్టలోని గాలితిత్తికి తగిలి ముందే వచ్చేస్తుంది. వచ్చిందల్లా ల్యాప్‌టాప్ తెర మీద చుక్కలుగా, వంకర గీతలుగా పడుతుంది. సోనార్ అంటారు. ఓడల్లో లోతు చూసే యంత్రం నీకు తెలుసుగా, దానికి చెల్లెలనుకో.

నీళ్ళన్నీ తిరగలేం కాబట్టి మ్యాపు మీద సమాన దూరంలో గీతలు గీసుకుని పడవని వాటి మీదే నడుపుతాం. గీతల మీద కనపడిన చేపని బట్టి మొత్తం ఎంతుంటుందో చెబుతాం. నచ్చని గీత తప్పించుకు తిరిగితే అంచనాకి విలువ లేదు.

ఎక్కడ చేస్తున్నామో కిందటి ఉత్తరంలో రాయలేదు. కావాలనే రాయలేదు. డూబాలో. సునామీనాడు సిప్పీఘాట్ పొలాల మీదికొచ్చి ఇరవై ఏళ్ళయినా తిరిగి వెళ్ళని ఆ నీళ్ళని ఇప్పుడు అందరూ డూబా అనే పిలుస్తారు, హిందీలో మునిగిన చోటని. నువ్వు ఇక్కడున్నప్పుడు ఆ పేరు లేదేమో.

ఏడో గీత మన ఇల్లు మునిగిన చోటు మీదుగా పోతుంది. మ్యాపు చూసినప్పుడే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

మా పడవ దానయ్యది. శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబం, డూబాలో వలేసుకుని బతుకుతారు. ఆరు గీతలు చక్కగా నడిపాడు. ఏడో దాని మొదట్లో ఇంజను ఆపేశాడు.

“అటేపు ఎల్లం దీదీ. ఉధర్ ఎవురూ వలెయ్యరు.”

“ఎందుకని?”

“ఆవిడుంది.”

“ఎవరు?”

“పేరెత్తకూడదు. వల దింపితే కింద పట్టుకుని లాగీసుద్ది. పైకి తీస్తే పేలికలే. ఒగ్గీయండి, ఎనిమిదో గీతకి పోదాం, చలో.”

ఎంత అడిగినా అంతకంటే చెప్పలేదు. పడవ తిప్పేశాడు. నువ్వు ఆ రోజుల్లో ఇక్కడే ఉన్నావు కదా. అతను ఎవరి గురించి అంటున్నాడో నీకేమైనా తెలుసా?

నీ
లహరి


హట్‌బే,
ఫిబ్రవరి నెలాఖరు

లహరమ్మకు నాన్న రాసేది.

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ వానలు లేవు. లోకనాథం పడవ ఇంజను మూడోసారి షెడ్డుకి తెచ్చాడు. పిస్టన్ రింగులు మార్చమంటే వినడు, నూనె పోసి నడిపేస్తాడు. నువ్వు వేళకి తింటున్నావా?

ఏడో గీత వదిలెయ్. అక్కడ నీళ్ళ కింద మొండిగోడలూ, ఇనప చువ్వలూ, కొబ్బరి మోళ్ళూ ఉంటాయి. ఇంజను పంకాకి తగిలితే పడవ తిరగబడుతుంది. ఒక గీత లేకపోతే మీ లెక్క ఏమీ మునిగిపోదు. మీ ఆఫీసరుకి చెప్పి ఇంకో చోట గీయించుకో.

ఉత్తరంలో తప్పులేమీ లేవు. దిద్దే పని పడలేదు.

నాన్న


గరాచర్మ,
మార్చి 2025

నాన్నా,

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. రింగుల గురించి రాశావు. అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

ఏడో గీత నడిపాం. దానయ్య భార్య రామలక్ష్మి పడవ ముక్కుకి పసుపు రాసి, కుంకం పెట్టి, నిమ్మకాయ కట్టింది. ఆ తర్వాతే అతను చుక్కాని పట్టుకున్నాడు. దారంతా నోట్లో ఏదో అనుకుంటూనే ఉన్నాడు.

మిగతా గీతల మీద తెర దాదాపు ఖాళీ. అక్కడక్కడ చిన్న చేప, అంతే. ఇళ్ళు మొదలయ్యే చోటికి రాగానే తెర నల్లబడిపోయింది. గోడల వెంబడి, మోళ్ళ చుట్టూ చేపే చేప. ఇంత చేప డూబాలో ఉందని ఎవరూ అనుకోలేదు. కింద నేల గీత ఒకచోట నిలువుగా లేచి, అడ్డంగా సాగి, మళ్ళీ దిగింది. అది మన ఇల్లు. వంటగది వైపు గోడ పొట్టిగా ఉంది, గుర్తుందా, నువ్వు ఇటుకలు అయిపోయి ఆపేశావు. అది అలాగే కనపడింది.

గుమ్మం ఉండాల్సిన చోట ఒక్కటే పెద్ద ఆకారం. చేపల గుంపుకి దూరంగా, కదలకుండా. మోడేమో అనుకున్నాను. పడవ తిప్పి రెండోసారి వచ్చేసరికి అది బావి వైపు ఉంది. మూడోసారి మళ్ళీ గుమ్మంలో. దానయ్య తెర వైపు చూసి, “అది ఏటి?” అనలేదు. తల పక్కకి తిప్పుకుని, “అయిపోనాదా దీదీ?” అని మాత్రం అడిగాడు.

ఒడ్డుకొచ్చాక రామలక్ష్మి టీ ఇచ్చింది. ఆమెని అడిగాను. ఆమె దాచుకోలేదు.

“ఆయమ్మ పేరు కనకలక్ష్మి. మొగుడు ఓడల్లో మిస్త్రీ. సునామీలో పోనాది. శవం దొరకనేదు. ఆడు గడ్డిబొమ్మకి సీర సుట్టి కాల్సీసి, ఊరొగ్గీసి ఎలిపోనాడు. బొమ్మని కాలిస్తే పేణం సల్లబడతాదేటి, నువ్వే సెప్పు. అందుకే ఆయమ్మ అక్కడే తిరుగుతాది. దెయ్యమై గుమ్మం కాస్తాది.”

నేను టీ తాగాను. ఆ పేరుగల ఆవిడ నాకేమవుతుందో చెప్పలేదు.

నాన్నా, నాకు ఆ పొగ గుర్తుంది. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని దూరం నుంచి చూశాను. అమ్మ దొరికిందని, అమ్మని సాగనంపుతున్నామని నువ్వే చెప్పావు. అమ్మ గురించి నాకున్న గుర్తుల్లో స్పష్టంగా ఉన్నది ఆ పొగ ఒక్కటే. మొహం కూడా ఫోటో చూసి గుర్తు తెచ్చుకుంటాను.

ఆ పొగలో ఉన్నది ఎవరు?

లహరి


హట్‌బే,
మార్చి

అమ్మా లహరీ,

ఓడ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. రెండుసార్లూ రాసి పంపలేదు. ఇది పంపుతాను.

ఆ రోజు ఆదివారం. నేను జెట్టీలో ఓడ ఇంజను గదిలో ఉన్నాను. భూమి ఊగితే ఓడ ఊగుతోందనే అనుకున్నాను. పైకొచ్చేసరికి జెట్టీ బీటలిచ్చి ఉంది. జనం పరిగెడుతున్నారు. ఇంటికి బయల్దేరితే సిప్పీఘాట్ దగ్గర రోడ్డు నీళ్ళలోకి దిగిపోయి ఉంది. ఆ నీళ్ళ అంచున మన పక్కింటి బేబీరాణి నిన్ను చంకనేసుకుని నిలబడి ఉంది.

నీళ్ళు కొండలాంటి అలగా రాలేదమ్మా. కాలవలోంచి పొంగుతూ, నెమ్మదిగా పొలాలు ఎక్కాయి. చూస్తే భయం వేసేలా లేవు. అదే మోసం చేసింది. మీ అమ్మ నిన్ను రోడ్డు మీదికి చేర్చి, బేబీరాణికి అప్పజెప్పి, “ఆవు కట్టేసి ఉంది, విప్పేసి వస్తా” అని వెనక్కి వెళ్ళిందట. కాసేపటికి ఆవు ఈదుకుంటూ వచ్చింది. మెడలో పలుపు లేదు. అంటే ఆమె ఇంటిదాకా వెళ్ళింది, విప్పింది. తిరిగి రాలేకపోయింది.

చిన్న డొంగీ పడవ వేసుకుని వెతికాను. ఒంటరిగానూ వెతికాను, నలుగురినీ వెంటేసుకునీ వెతికాను. నీళ్ళు తగ్గుతాయి, అప్పుడు దొరుకుతుంది అన్నారు. నీళ్ళు తగ్గలేదు. నేలే కుంగిపోయిందని తర్వాత తెలిసింది.

నువ్వు ఏడవలేదు. అది మమ్మల్నందర్నీ భయపెట్టింది. రోజూ ఆ రోడ్డు నీళ్ళలోకి దిగేచోటికి వెళ్ళి నిలబడేదానివి. పట్టుకొస్తే మళ్ళీ వెళ్ళేదానివి. ఒకసారి నేను వచ్చేసరికి మోకాళ్ళదాకా దిగి ఉన్నావు. ఎత్తుకుంటే గింజుకుని, “అమ్మ చెయ్యి ఊపుతోంది, రమ్మంటోంది” అన్నావు. నేను అటు చూశాను. కొబ్బరిమట్ట ఒకటి గాలికి ఊగుతోంది. ఇంకేమీ లేదు. ఇంకేమీ లేదనే నేను ఈనాటికీ చెప్పుకుంటాను.

ఆ వారమే అమ్మమ్మ, నేను కలిసి నిశ్చయించుకున్నాం. దర్భలతో బొమ్మ చేయించాను. ఆమె పెళ్ళిచీర చుట్టాను. శవం దొరకనివాళ్ళకి అలా చేస్తారని పంతులుగారు చెప్పారు. నీకు మాత్రం అమ్మే అని చెప్పాను. మర్నాటి నుంచి నువ్వు రోడ్డు దగ్గరికి వెళ్ళలేదు. మూడోనాడు ఏడ్చావు. తర్వాత అన్నం అడిగావు. అలా చేసినందుకు నేనెప్పుడూ బాధపడలేదు. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అదే చేస్తాను.

కానీ వలలు చిరగడం మొదలైంది. ఎవరి వల చిరిగినా నేను తలదాచుకున్న గుడిసె ముందుకొచ్చేవారు. నీ భార్య పట్టుకుంటోంది, శాంతి చేయించు అనేవారు. ఇనప చువ్వలు పట్టుకుంటున్నాయయ్యా అంటే వినేవారు కాదు. ఆవు కోసం ప్రాణం పోగొట్టుకున్న మనిషిని దెయ్యమంటుంటే వింటూ ఆ చోట ఉండలేక హట్‌బే వచ్చేశాను. ఆ మాట నీ చెవిన పడకూడదనే నిన్ను ఆస్టినాబాద్‌లో అమ్మమ్మ దగ్గర ఉంచాను. ఇరవై ఏళ్ళు పడలేదు. నీ యంత్రం వినిపించింది.

నీకు కోపం వస్తే రాయి. దాచుకోకు.

నాన్న


గరాచర్మ,
ఏప్రిల్ 2025

నాన్నా,

కోపం రాలేదు. రావాలని చూశాను, రాలేదు. నువ్వు చెప్పిన చెయ్యి ఊపిన సంగతి నాకు అసలు గుర్తు లేదు. కానీ నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి కనపడుతోంది. బస్సులో సిప్పీఘాట్ మలుపు తిరిగేటప్పుడు నీళ్ళ వైపు కూర్చోవడం మానేశాను.

ఆ పెద్ద ఆకారం ఏమిటో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. మొసలైతే దానయ్య వాళ్ళకి ప్రమాదం. ఆఫీసులో నీళ్ళలోకి దించే కెమెరా ఉంది. దానయ్యతో “అడుగు ఎలా ఉందో చూడాలి” అని మాత్రం చెప్పాను. పోటు నిండి నీళ్ళు కాస్త తేటగా ఉన్న పూట వెళ్ళి, ఇంటి మీద పడవ నిలిపి తాడు వదిలాను. తెర నా ఒళ్ళోనే ఉంది. దానయ్య అటు తిరిగి కూర్చున్నాడు.

మొదట బురద. తర్వాత గోడ. గోడ మీద ఆల్చిప్పలు పొరలు పొరలుగా పట్టి ఉన్నాయి. గుమ్మం చట్రం ఇంకా నిలబడే ఉంది. దాని తలుపు గొలుసు నీటి పోటుకి అటూ ఇటూ ఊగుతోంది. అది చూడగానే తాడు వదలడం ఆపేశాను. ఆ గొలుసు నాకు అందేది కాదు, తీయమని అమ్మని పిలిచేదాన్ని. అది గుర్తొచ్చింది, నాన్నా. ఫోటోలో లేని గుర్తు.

అప్పుడు గుమ్మంలోంచి అది బయటికొచ్చింది. పండుగొప్ప చేప. ఇక్కడి బెంగాలీలు భెట్కి అంటారు. నా ఎత్తుకి కాస్త తక్కువ ఉంటుందేమో. కెమెరా దాకా వచ్చి, ఒక కన్నుతో చూసి, నెమ్మదిగా పక్కకి తిరిగింది. తెర నిండా పొలుసులే. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

ఈ జాతిలో చిన్నవి మగవి. పెరిగి పెద్దయ్యాక ఆడవవుతాయి. అంత పెద్దదంటే ఆడదే. ఎన్నో ఏళ్ళ నుంచి ఉండి ఉండాలి. అలాంటిది ఒక్కటి గుడ్లు పెడితే ఈ చుట్టుపక్కల కాలవలన్నిటికీ పిల్లలొస్తాయి. నాకు తెలిసిన చదువంతా అప్పుడు నాకు గుర్తొచ్చింది. తాడు మాత్రం గబగబా పైకి లాగేశాను.

“ఏటి కనబడింది?” అన్నాడు దానయ్య, ఇటు తిరక్కుండానే.

“బురద,” అన్నాను.

ఎందుకలా అన్నానో ఆఫీసుకెళ్ళాక తెలిసింది. మా ప్రాజెక్టు పెద్ద రామ్‌ప్రసాద్ సార్ అంచనా చూశారు. ఏడో గీత కలిపితే ఒక సంఖ్య, తీసేస్తే దాంట్లో ముప్పావు వంతు గల్లంతు. ఆయన చాలా సంతోషించారు.

“చూశావా లహరీ, మాల్ అంతా వహీఁ హై, అక్కడే ఉంది. జేసీబీ పెట్టి ఆ గోడలూ మోళ్ళూ లాగించేస్తే పెద్ద వల తిప్పొచ్చు. ప్రపోజల్ రాసేద్దాం.”

“గోడలున్నాయి కాబట్టే చేప అక్కడుంది సార్. ఇన్నేళ్ళు అక్కడ ఎవరూ వలెయ్యలేదు కాబట్టి ఉంది.”

“ఎందుకు వెయ్యలేదు?”

“రిపోర్టులో రాస్తాను సార్,” అని లేచి వచ్చేశాను. రిపోర్టుకి ఇంకా గడువుంది.

లహరి


హట్‌బే,
ఏప్రిల్

లహరమ్మా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. చేప అని నువ్వు రాసిన చోట ఆగి ఆగి చదివాను.

చెప్పెయ్యమ్మా. ఆ వీడియో దానయ్యకి చూపించు, రామలక్ష్మికి చూపించు. సంత దగ్గర పెట్టి అందరికీ చూపించు. కనకలక్ష్మి ఎవరి వలా పట్టుకోలేదని, ఎవరినీ భయపెట్టలేదని, అది ఒక చేప అని చెప్పెయ్. నేను నోటితో చెబితే నమ్మలేదు. నీ దగ్గర కంటికి కనపడే సాక్ష్యం ఉంది. ఇరవై ఏళ్ళుగా మీ అమ్మ ఆ మాట మోస్తోంది. చేపలు పోతే పోనీ. నీళ్ళున్నచోట మళ్ళీ పుడతాయి.

ఈ నెలలో నిద్ర సరిగ్గా లేదు. షెడ్డులో ఇంజను ఆపాక కూడా చెవుల్లో మోత ఆగడం లేదు. డాక్టరు చెవిటితనంలో అలాగే ఉంటుందన్నాడు. ఆ మోతలో అప్పుడప్పుడు ఎవరో పిలిచినట్టుంటుంది. పేరు పెట్టి కాదు. మీ అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు కదా, ‘ఇదిగో’ అనేది. అలా.

చెప్పెయ్.

నాన్న


గరాచర్మ,
మే 2025

నాన్నా,

చెప్పలేకపోతున్నాను. వినకుండా కొట్టిపారెయ్యకు, చదువు.

చూపిస్తే ముందు జరిగేది ఇది. అది చేప అని తెలిసిన వారంలోపే దానికి గేలం పడుతుంది. అంత పెద్ద పండుగొప్పని వదిలేసేంత ఉన్నవాళ్ళు కాదు వాళ్ళు, వదలమని అడిగే హక్కు నాకూ లేదు. ఆ తర్వాత గోడల మధ్య వలలు దిగుతాయి. డూబాలో మిగిలిన చేప అంతా అక్కడే ఉంది. మిగతా గీతలన్నీ ఎలా ఖాళీగా ఉన్నాయో నేను కళ్ళారా చూశాను. ఒకటి రెండు సీజన్లు రామలక్ష్మి వాళ్ళకి బాగుంటుంది. తర్వాత ఏడో గీత కూడా మిగతావాటిలాగే అవుతుంది. అప్పుడు వాళ్ళు ఏం తింటారు?

చూపించకపోతే అమ్మ దెయ్యంగానే ఉండిపోతుంది. నిన్న రామలక్ష్మి మనవరాలు అన్నం తిననని మారాం చేస్తుంటే, “కనకలక్ష్మిని పిలుస్తా” అని బెదిరించింది. పిల్ల గబగబా తినేసింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఆ పిల్లకి ఐదేళ్ళుంటాయి, నాన్నా. నాకు అప్పుడున్నంత.

అమ్మ ఆవుని విప్పడానికి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా అక్కడ ఎవరినీ రానివ్వకుండా ఇంకొన్ని ప్రాణాలు కాచిందని అనుకుంటే నాకు కాస్త ఊరటగా ఉంటోంది. కానీ అది నా ఊరట. అమ్మది కాదు, నీది కాదు.

నాకు దారి తోచడం లేదు. నువ్వొకసారి రా. వచ్చి ఆ నీళ్ళ మీద కూర్చుని చూసి, అప్పుడు కూడా చెప్పెయ్యమంటే చెప్పేస్తాను. మాట ఇస్తున్నాను.

లహరి


హట్‌బే,
జూన్ 2025

లహరమ్మా,

క్షేమంగా చేరాను. సముద్రం బాగా ఎగిసింది, సగంమంది వాంతులు. నాకు ఓడ అలవాటే.

మీ ఆఫీసు పడవలో నీతో ఏమీ మాట్లాడలేదని నొచ్చుకున్నావేమో. తెర మీద మన వంటగది గోడ చూపించావు. ఆ చేపల మధ్య మన ఇంటి గోడలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఖాళీగా, చీకటిగా ఉంటుందనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అంత సందడిగా ఉంటుందనుకోలేదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. మర్నాడు నువ్వు ఆఫీసు మీటింగుకి వెళ్ళాక బస్సెక్కి దానయ్య వాళ్ళ రేవుకి వెళ్ళాను. వలలు బాగుచేసుకుంటూ పదిమందీ ఉన్నారు. మొదట ఎవరూ గుర్తుపట్టలేదు. నేనే చెప్పాను.

“నేను యర్రయ్యని. కనకలక్ష్మి మొగుడ్ని. మీ పడవలో మిషన్ పెట్టుకుని తిరుగుతున్న పిల్ల మా కూతురు.”

దానయ్య లేచి నిలబడ్డాడు. మిగతావాళ్ళు చేతిలో పని ఆపేశారు. నాకు ఏదీ వినపడదు కాబట్టి ఎవరైనా అడ్డం వచ్చారో లేదో తెలీదు. తలొంచుకుని చెప్పుకుంటూ పోయాను. ఆ ఆదివారం ఏం జరిగిందో చెప్పాను. ఆవు మెడలో పలుపు లేదని చెప్పాను. బొమ్మని ఎందుకు కాల్చానో, నువ్వు నీళ్ళలోకి దిగి ఏమన్నావో చెప్పాను. అది నీకు తప్ప ఎవరికీ చెప్పింది కాదు. వలలు చింపేది గోడల్లోని చువ్వలని, గుమ్మంలో తిరిగేది ముసలి పండుగొప్ప అని కూడా చెప్పాను. నువ్వు దాచింది నేను చెప్పేశాను, కోప్పడకు. దాచి ఉంచితే ఆమె దెయ్యంగా ఉండాల్సిందే. ఆమె దెయ్యం కాకపోతే చేప ఉండదు. ఆ రెండింటి మధ్య నువ్వు నలిగిపోవడం నేను చూశాను.

చివరికి ఒక్కటి అడిగాను.

“అది దెయ్యాల చోటు కాదు, నా ఇల్లు. నా భార్య ఇంకా ఇంట్లోంచి బయటికి రాలేదు. మీ ఇంట్లో ఆడమనిషి ఉండగా ఎవరైనా వచ్చి వలేస్తే ఊరుకుంటారా? చుట్టూ ఎక్కడైనా వేసుకోండి. ఇంట్లో వెయ్యకండి. భయపడి కాదు, నేను అడుగుతున్నానని.”

రామలక్ష్మి ముందుకొచ్చి ఏదో అంది. చాలాసేపు అంది. ఆమె ఏడుస్తోంది కాబట్టి పెదాలు చూసి కూడా పోల్చుకోలేకపోయాను. మళ్ళీ చెప్పమని అడగడానికి సిగ్గేసింది. ఓడకి వేళవుతోంది. నమస్కారం పెట్టి వచ్చేశాను. వాళ్ళ జవాబు నాకు అందలేదు.

నువ్వు కనుక్కుని రాయి. ఏదైనా సరే, ఉన్నదున్నట్టు రాయి.

నాన్న


గరాచర్మ,
జులై 2025

నాన్నా,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

నీ ఉత్తరం అందేదాకా నువ్వు రేవుకి వెళ్ళిన సంగతి నాకు తెలీదు. వాళ్ళూ చెప్పలేదు. రిపోర్టు పనిలో పడి నేను చాలా రోజులు అటు పోలేదు. రిపోర్టులో రెండు అంచనాలూ ఇచ్చాను. ఏడో గీత మీద చేప ఎందుకుందో, గోడలు తీయిస్తే ఏమవుతుందో రాశాను. రామ్‌ప్రసాద్ సార్ ఆ పేరా కొట్టేస్తారనుకున్నాను, ఉంచారు. జేసీబీ మాట ఈ ఏటికి లేదు. వచ్చే ఏటి సంగతి ఎవరూ చెప్పడం లేదు.

మొన్న వానలు కాస్త తెరిపిచ్చిన పూట చివరిసారి గీతలు నడపడానికి రేవుకి వెళ్ళాను. అందరూ లేచి నిలబడ్డారు. నాకు ఇబ్బందిగా అనిపించింది. రామలక్ష్మి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

“ముందే సెప్పకపోయినావేటే. మీ అమ్మని నీ మొగం ముందే అన్నేసి మాటలన్నాను.”

“తెలీక అన్నారు కదా పిన్నీ.”

“మీ నాన్నకి నా మాట ఇనబడిందా?”

లేదని, అదే అడగడానికి వచ్చానని చెప్పాను. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని చెప్పింది. నువ్వు చదవాలని ఆ మాటలు అక్కడే నా ఫోన్లో రాసుకున్నాను.

“మా ఆయన తమ్ముడూ ఆ సునామీలోనే పోనాడు. ఆడూ దొరకనేదు. అందరికీ మీ అమ్మ పేరే దొరికింది, ఇల్లక్కడుంది కాబట్టి. మా మరిది పేరు మేం ఎత్తలేదు. మావోడు దెయ్యమయ్యాడని ఎవరూ అనకూడదని మీ అమ్మ మీదికి తోసీసినాం. నీ ఇంట్లో వలెయ్యం అన్నయ్యా, మా మరిది కూడా ఆ ఇంట్లోనే తల దాసుకుని ఉంటాడు. అదీ నేనన్నది.”

నాన్నా, ఆమె నిన్ను అన్నయ్యా అంది. అది నీకు వినపడలేదు.

అందరూ ఒప్పుకోలేదు. అది కూడా రాయాలి. ఇద్దరు కుర్రాళ్ళు చేప అని తెలిశాక గేలాలు పట్టుకెళ్ళారట. దానయ్య ఎదురెళ్ళి వెనక్కి తిప్పాడట. రేపు తిప్పగలడో లేదో అతనికీ తెలీదు. “నేనున్నన్నాళ్ళూ సూసుకుంటాను దీదీ, ఆగే భగ్‌వాన్ మాలిక్, పైవోడి దయ,” అన్నాడు.

గీతలు నడపడానికి బయల్దేరితే రామలక్ష్మి కూడా పడవెక్కింది. నిమ్మకాయ కట్టలేదు, కుంకం పెట్టలేదు. వల వెంట తెచ్చుకుంది. ఏడో గీత మొదట్లో దానయ్య ఇంజను తగ్గించాడు. ఇళ్ళకి ఈవలగా, నీళ్ళలోకి వల వదిలే ముందు ఆమె పడవ అంచు పట్టుకుని వంగి, పక్కింటి ఆవిడని పిలిచినట్టు పిలిచింది.

“వదినా, నానే, రామలచ్చిమిని. ఇక్కడేసుకుంటన్నాం. మీ ఇంటికి రాం.”

అంతే. వల వదిలింది. ఇప్పుడందరూ అలాగే చెప్పి వేస్తున్నారట, ఆడవాళ్ళు వదినా అని, మగవాళ్ళు అక్కా అని. మాట్లాడకుండా వేస్తే బాగుండదట.

ఆమె నా వైపు చూసింది. “నువ్వూ పిలు,” అంది.

నాకు ఏమని పిలవాలో తెలుసు. ఆ మాట నా నోట వచ్చి ఇరవై ఏళ్ళయింది. అమ్మమ్మని కూడా అమ్మమ్మా అనే అన్నాను, ఎప్పుడూ కుదించి పిలవలేదు. చుట్టూ బూడిదరంగు నీళ్ళు, మీద సన్నని తుంపర. నువ్వు చెప్పిన ఆ రోడ్డు నీళ్ళలోకి దిగేచోటు దూరంగా కనపడుతోంది. అక్కడ ఎవరూ లేరు. కాసేపు అటే చూశాను. తర్వాత నీళ్ళలోకి వంగి పిలిచాను.

గట్టిగా రాలేదు. దానయ్యకి వినపడిందేమో, ఇంజను పూర్తిగా ఆపేశాడు. పడవ గీత తప్పి పక్కకి కొట్టుకుపోతోందని తెలుసు. నేను సరిచెయ్యమనలేదు.

నీ
లహరి